సెల్ మార్చాలా, డిఫాల్ట్స్ వేయాలా, బయోస్ అప్‌డేట్ చేయాలా?

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, హార్డ్ డిస్క్ పోయినట్టుంది, షాపతను ఫార్మాట్ కొట్టాలంటున్నాడు." నల్లటి తెర మీద 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని వస్తోందట. ఫార్మాట్ సంగతి తర్వాత, ముందు డిలీట్ కీ నొక్కుతూ ఆన్ చేసి బయోస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) తేదీ చూడరా అన్నాను. 2014 జనవరి 1 అని ఉంది. కింద లిస్టులో డిస్క్ పేరూ ఉంది. అంటే డిస్క్ పోలేదు, మదర్‌బోర్డు సెట్టింగులు మర్చిపోయింది.

తేదీ వెనక్కి పోయిందంటే నా మొదటి అనుమానం సెల్ మీదే, అంటే కంప్యూటర్ ఆపేసినా తేదీ నడిపించే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ. పాత రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్ 2032, 3 వోల్టులది. పేరులోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. మల్టీమీటర్‌లో 2.7 కంటే తక్కువ చూపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయడమే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ దీనితో పని పడదు. అందుకే రాత్రిళ్లు స్విచ్ బోర్డు దగ్గరే ఆపేసే ఇళ్లలో సెల్ అయిపోయిన సంగతి ముందే బయటపడుతుంది.

చవకైన పని, డేటాకు ప్రమాదం లేదు. కానీ కొత్త సెల్ పాత సెట్టింగులను తిరిగి తేదు. మావాడికీ అదే జరిగింది. సెల్ వేశాడు, తేదీ సరిచేశాడు, మళ్లీ అదే ఎర్రర్! వాడి విండోస్ ఎప్పుడో లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఎక్కించింది, బోర్డు ఫ్యాక్టరీ సెట్టింగేమో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి. పాత పద్ధతిలోనూ బూట్ కానిచ్చే సీఎస్ఎం అనే సెట్టింగును ఎనేబుల్ చేసి, సేవ్ చేయడానికి ఎఫ్10 కొట్టగానే విండోస్ వచ్చేసింది.

అందుకే 'లోడ్ డిఫాల్ట్స్' అంటే, అంటే బయోస్ సెట్టింగులన్నిటినీ ఫ్యాక్టరీవి చేసేయడమంటే, నాకు కాస్త భయం. ర్యామ్ స్పీడు పెంచబోయి సిస్టం పదే పదే రీస్టార్ట్ అవుతుంటే మాత్రం అదే సరైన మందు. లేదంటే బాగున్నదాన్ని కూడా చెడగొడుతుంది. సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోతే విండోస్ సగం లోడై, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలి తెర చూపిస్తుంది. బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ఎక్కడుందో ముందే చూసుకోండి. డిఫాల్ట్స్ వేసే ముందు బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, రెండు నిమిషాల పని.

బయోస్ అప్‌డేట్ నా లెక్కలో ఆఖరుది. బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోతే, లేదా మీకున్న సమస్య పేరే కంపెనీ అప్‌డేట్ వివరాల్లో ఉంటే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా వద్దు. పైగా అప్‌డేట్ తర్వాత చాలా బోర్డుల్లో సెట్టింగులు మళ్లీ మొదటికొస్తాయి. అంటే ఏ గొడవతో మొదలుపెట్టామో అక్కడికే!

మావాడు ఇప్పుడు సీఎస్ఎం వదిలేసి యూఈఎఫ్ఐకి మారదామంటున్నాడు. మారొచ్చు, 2017 నుంచి విండోస్ 10లో ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది, ఫార్మాట్ లేకుండానే డిస్కు అమరికను యూఈఎఫ్ఐకి సరిపడేలా మారుస్తుంది. ముందు బ్యాకప్ తీసుకోరా అన్నాను. ఇంకా తీయలేదు.