పోయినవారి పుస్తకాలు ఒకే అరలో: హనుమకొండలోని ఒక పాత పుస్తకాల దుకాణం

హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో, ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఈ దుకాణానికి పోటీ పరీక్షల గైడ్ల కోసం వెళ్లేవారు నిరాశపడతారు. ఇక్కడ దొరికేవి నవలలు, కథా సంపుటాలు, కొంత చరిత్ర, కొంత కవిత్వం. వాటిలో ఎక్కువ భాగం ఇంటి పెద్ద ఒకరు చనిపోయిన తరువాత ఆ ఇంటివారు అమ్మివేసినవి. దుకాణదారు వాటిని రచయితల వారీగానో అక్షర క్రమంలోనో సర్దరు. ఒక ఇంటి నుంచి వచ్చినవన్నీ అమ్ముడుపోయేదాకా ఒకే అరలో ఉంచుతారు. "ఇవన్ని ఒక్క సారు ఇంట్లకెల్లి వచ్చినయి, ఆయన సంక్రాంతి ముందట పోయిండు" అని అర చూపించి తన పనిలో తాను పడిపోతారు. ఫలానా పుస్తకమే కావాలని వెళ్లినవారికి ఈ పద్ధతి ఇబ్బందిగానే ఉంటుంది. కానీ జ్ఞాపకం, మరణం అనే రెండింటి గుండా మనిషి బతుకును చూపించే నవలలు చదవాలనుకునేవారికి ఇంతకంటే మంచి అమరిక వరంగల్‌లో నాకు మరెక్కడా కనబడలేదు.

ఆ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే నేను చూసిన అర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అందులో టాల్‌స్టాయ్ "ఇవాన్ ఇల్యీచ్ మరణం" ఇంగ్లీషు ప్రతి ఒకటి ఉంది. 1886లో వచ్చిన ఈ చిన్న నవల కథానాయకుడి చావు కబురుతోనే మొదలవుతుంది. కోర్టులో పనిచేసే అతని సహోద్యోగులు పత్రికలో ఆ వార్త చదివి, ముందుగా ఆలోచించేది అతని ఖాళీలో ఎవరికి ప్రమోషన్ వస్తుందన్న సంగతి. ఆ తరువాతే రచయిత వెనక్కి వెళ్లి అతని చదువు, ఉద్యోగం, పెళ్లి, కొత్త ఇంటి అలంకరణ, పరదాలు సర్దుతూ నిచ్చెన మీద కాలు జారి పక్కకు తగిలిన దెబ్బ, అక్కడి నుంచి ముదిరిన జబ్బు, అన్నీ వరుసగా చెబుతాడు. ముగింపు మొదటి పేజీలోనే తెలిసిపోవడం వల్ల ఏమవుతుందో అన్న ఉత్కంఠ పాఠకుడికి మిగలదు, దాని స్థానంలో ఈ మనిషి ఇన్నేళ్లు ఎలా బతికాడు అన్న విచారణ మొదలవుతుంది. నవలలో చావు చివరి అధ్యాయంలో వచ్చి ఏడిపించి వెళ్లిపోతే మనకు మిగిలేది ఆ ఏడుపు ఒక్కటే అని నా నమ్మకం. ముందే వచ్చి నిలబడిన చావు మాత్రం ప్రతి చిన్న సంగతినీ తిరిగి తూచమంటుంది.

ఆ ప్రతిని దాని సొంతదారు, ఆ పోయిన పెద్దమనిషి, రెండు సార్లు చదివినట్టున్నారు. మొదటిసారి పెట్టిన గీతలు నీలి సిరాతో, స్కేలు ఆనించి గీసినంత తిన్నగా ఉన్నాయి. అవి ఉద్యోగం గురించిన చోట్ల, ఐదు వేల రూబుళ్ల జీతం గల పదవి కోసం ఇవాన్ ఇల్యీచ్ తిరిగిన పేజీల్లో ఉన్నాయి. రెండోసారి గీతలు పెన్సిల్‌తో, వణుకుతూ, కొన్నిచోట్ల అక్షరాల మీదికే వెళ్లిపోయాయి. అవి ఉన్నది రోగి మంచం మీద చిన్నతనాన్ని తలచుకునే చోట. ఆ రోజు తినమని ఇచ్చిన ఉడికించిన ప్లమ్ పండ్ల నుంచి అతనికి చిన్నప్పటి ఎండిన ప్లమ్ పండ్లు, వాటి రుచి, గింజ చప్పరిస్తుంటే నోట్లో ఊరిన లాలాజలం గుర్తుకు వస్తాయి. ఆ వాక్యాల పక్కన నిలువు గీత ఉంది, మాట ఏదీ రాయలేదు. మనుషులందరూ మరణిస్తారు, కాయస్ మనిషి, కాబట్టి కాయస్ మరణిస్తాడు అన్న పాఠ్యపుస్తకపు తర్కం కాయస్ విషయంలో సరే గాని తన విషయంలో ఎలా ఒప్పుకోవడం అని అతను తల్లడిల్లే పేజీలో నీలి గీత ఒక్కటీ లేదు, పెన్సిల్ గీతలే ఉన్నాయి. ఏ విమర్శకుడి వ్యాసమూ ఈ నవల గురించి నాకు ఇంత నేర్పలేదు.

అదే అరలో నవీన్ "అంపశయ్య" ఉంది. 1969లో వచ్చిన ఈ నవలలో ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు గడుపుతాడు. ఆ రోజంతా అతని మనసు వెనక్కి, పక్కకు, ఊరికి, అవమానాలకు, కోరికలకు పరుగెడుతూనే ఉంటుంది. పేరు భారతం నుంచి వచ్చింది. ఉత్తరాయణం దాకా ప్రాణం నిలుపుకున్న భీష్ముడు బాణాల మీద పడుకునే ధర్మరాజుకు చెప్పవలసినదంతా చెప్పాడు. రవికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు, గుచ్చుకుంటున్నవి జ్ఞాపకాలే. మధ్యలో కొన్ని పేజీలు సాగినట్టు అనిపించినా, మన ప్రాంతం పల్లె నుంచి పట్నం చేరిన పిల్లవాడి లోపలి మాట ఇంత దగ్గరగా వినిపించిన తెలుగు నవలలు తక్కువ.

గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"ది వేరే దారి. సీతారామారావు ప్రయాణం శ్మశానంలో ముగుస్తుంది. వంశ ప్రతిష్ఠ అనే పాత జ్ఞాపకం అతన్ని మొదటి నుంచీ కొద్దికొద్దిగా తింటూ వస్తుంది కాబట్టి ఆ చావు హఠాత్తుగా అనిపించదు. చివర్లో చావు పెట్టినా అది ఉత్త సంఘటనగా మిగలకుండా చేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" కూడా అక్కడే ఉంది; తల్లి మీద పడిన అపవాదు నీడలో దయానిధి బతికిన తీరు తెలిసినవారికి ఆ నాలుగు పుస్తకాలు పక్కపక్కనే ఎందుకు ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. ఒక మనిషి వాటిని ఏళ్ల తరబడి ఏరి పెట్టుకున్నారు. అక్షర క్రమంలో సర్ది ఉంటే ఆ సంగతి మనకు తెలిసేదే కాదు.

ఇక సేవల విషయం. ఇటీవలి పుస్తకాలకు ముద్రిత ధరలో సగం తీసుకుంటారు. పాతవాటికి దుకాణదారు చూసి చెప్పినదే ధర. దానిని వెనుక అట్ట లోపల పెన్సిల్‌తో రాస్తారు, బేరానికి పెద్దగా ఒప్పుకోరు. ఫోన్‌లో డబ్బు పంపవచ్చు, బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తారు. 2023 జులై వరదల్లో నగరంలో కాలనీలు మునిగినప్పటి నుంచి, పై అంతస్తు అయినా సరే, గోడల చెమ్మకు భయపడి అడుగు అరలు ఖాళీగా ఉంచుతున్నారు. ఇది మంచి జాగ్రత్త. అయినా వానకాలంలో లోపలి గదిలో ముక్కిన వాసన తప్పదు. నేను కొన్న ఒక కథా సంపుటంలో మధ్యలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, లేనే లేదు. తీసుకువెళ్లి చూపిస్తే మారుమాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చారు, కానీ అమ్మే ముందే తిరగేసి చూసుకోవలసింది.

నాకు నిజంగా బాధ కలిగించిన పద్ధతి మరొకటి ఉంది. ఇంటివారు పేరు బయటపడవద్దని కోరితే ఆయన మొదటి పేజీని చింపేస్తారు. పేరు దాచాలనుకోవడం వారి హక్కు, అందులో తప్పు లేదు. అయితే ఆ పేజీతో పాటు కొన్న తేదీ, కొన్న ఊరు, ఎవరో కానుకగా ఇస్తూ రాసిన మాట కూడా పోతున్నాయి. పేరు మీద ఒక కాగితం ముక్క అంటిస్తే సరిపోతుంది. ఈ మాట ఆయనతో చెప్పాను, ఆలోచిస్తానన్నారు. ఏ ఇంటి నుంచి ఏ పుస్తకాలు వచ్చాయో, పేర్లు లేకుండానే, ఒక నోటుబుక్కులో రాసి పెడితే ఇంకా మేలు. ఒక్కొక్కటిగా అమ్ముడుపోతున్న కొద్దీ అర చెదిరిపోతుంది, తరువాత వచ్చినవారికి ఆ వరుస ఊహకు కూడా అందదు. ఇవాన్ ఇల్యీచ్‌ను నేనే తెచ్చుకున్నాను కాబట్టి ఆ చెదరడంలో నా వంతు కూడా ఉంది.

పిల్లల పుస్తకాలు కావలసినవారు ఇక్కడికి రావడం దండుగ. నవలల కోసం వచ్చేవారు పనిరోజుల్లో ఉదయం పూట రావాలి. మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించుతారు, ఆదివారం రద్దీలో నిలబడి చదవడానికి వీలుండదు. నేను చెప్పిన అర లోపలి గదిలో ఎడమ చేతి వైపు ఉంది. "అంపశయ్య", "అసమర్థుని జీవయాత్ర" నేను బయటికి వచ్చేటప్పటికి అక్కడే ఉన్నాయి. రెండూ కలిపి తీసుకుంటే ధర కొంత తగ్గిస్తానని ఆయనే అన్నారు.