బెజవాడ ఎండకు ఏ బ్యాటరీ: ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా?

మే ఎండలో బందరు రోడ్డు మీద రోజంతా తిరిగే ఎలక్ట్రిక్ ఆటోకైతే ఎల్‌ఎఫ్‌పీయే. ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్, వేడికి అంత తేలిగ్గా ఆక్సిజన్ వదలదు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ వదులుతుంది, మంట అక్కడే అందుకుంటుంది. అదే బరువుకు ఎక్కువ కిలోమీటర్లు కావాలంటే మాత్రం ఎన్‌ఎంసీదే పైచేయి.

అసలు చిక్కు ఛార్జర్ దగ్గర. రెండింటినీ 48 వోల్టుల ప్యాక్ అనే అంటారు. ఎల్‌ఎఫ్‌పీలో 3.2 వోల్టుల సెల్స్ వరుసగా 16 ఉంటే ఫుల్ ఛార్జ్ 58.4 వోల్టులు. ఎన్‌ఎంసీలో 13 సెల్స్ ఉంటే 54.6. ఆటోనగర్‌లో ప్యాక్ మార్పించి పాత ఛార్జరే వాడితే? ఎల్‌ఎఫ్‌పీకి 54.6ది పెడితే సరిగా నిండదు, సెల్స్ బ్యాలెన్స్ కావు. ఎన్‌ఎంసీకి 58.4ది తగిలిస్తే ఒక్కో సెల్‌కు 4.49 వోల్టులు, హద్దు 4.2. ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) కట్ చేయకపోతే ప్రమాదమే.

ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ దాదాపు చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి ఛార్జ్ ఎంత మిగిలిందో చూపే మీటర్ లెక్క తప్పుతుంది. వారానికోసారి 100 శాతం నింపితే సర్దుకుంటుంది. ఎన్‌ఎంసీని రోజూ 80 దగ్గర ఆపడం మేలు.

ధర సంగతి: ఎల్‌ఎఫ్‌పీయే చవక, అందులో ఖరీదైన కోబాల్ట్, నికెల్ లేవు. పైగా 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త జాన్ గూడెనఫ్ బృందం పనితో మొదలైన ప్రధాన పేటెంట్ల గడువు 2022 నాటికి తీరిపోయింది.