అమ్మకు ఆక్సిజన్ మిషన్: మూడేళ్ల వాడకం తర్వాత

అమ్మ బీడీ ముట్టిన మనిషి కాదు. చిత్తూరు దగ్గర పల్లెలో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది, అంతే. ఆ పొగతో కూడా సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం తెచ్చే, పూర్తిగా నయం కాని జబ్బు, వస్తుందని తిరుపతిలో డాక్టరు చెప్పేదాకా మాకు తెలీదు. అప్పటిదాకా ఆస్తమా అనుకున్నాం.

మేం కొన్నది నిమిషానికి ఐదు లీటర్ల దాకా ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్. గదిలో గాలినే పీల్చుకుని, నైట్రోజన్‌ను వడగట్టి, 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని వదులుతుంది. మాటిమాటికీ సిలిండర్ మోసుకొచ్చే బాధ తప్పింది. చప్పుడు మాత్రం పాత ఫ్రిజ్ లాగా ఆగదు. మొదటి వారం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తర్వాత మిషన్‌ను హాల్లో పెట్టి, పొడుగు ట్యూబు అమ్మ గదిలోకి లాగాం.

డాక్టరు నిమిషానికి 2 లీటర్లకే పెట్టమన్నారు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరులో 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలన్నారు. చూడ్డానికొచ్చిన మామయ్య "90 ఏందిరా, నాకు 98 ఉండాది" అని నాబ్ 4కి తిప్పేసి పడుకున్నాడు. తెల్లారేసరికి అమ్మకు తలనొప్పి, మత్తు. పిలిస్తే సరిగా పలకలేదు. ఈ జబ్బులో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందట. మూడు రోజులు ఆసుపత్రి. ఇప్పుడు నాబ్ మీద ప్లాస్టర్ అంటించి పెట్టాను.

మిషన్ రోజుకు కనీసం 15 గంటలు నడవాలి. మాది 350 వాట్లు, అంటే రోజుకు ఐదు యూనిట్ల పైనే. ఎండాకాలంలో కరెంటు పోతే మా ఇన్వర్టరు రెండు గంటలు కూడా లాగలేదు. అందుకే ఒక చిన్న సిలిండర్ ఎప్పుడూ మూలన ఉంటుంది. ఫిల్టరు వారం వారం కడుగుతాం.

రెండేళ్లకు పసుపు లైటు వెలిగింది, ఆక్సిజన్ శాతం పడిపోయిందని. అమ్మినాయన ఫోనెత్తడమే మానేశాడు. అది బాగయ్యేదాకా 18 రోజులూ అద్దె మిషనే దిక్కు. ధర సంగతి తర్వాత, ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉన్నారో లేదో ముందు అడగండి. మిషన్‌కు నాలుగు స్టార్లు, ఆయనకు ఒకటి కూడా దండగ.

ఆయాసం పోయిందా అంటే, లేదు. స్నానం చేసొచ్చాక ఇప్పటికీ మంచం మీద కూలబడుతుంది. ఇన్‌హేలర్లు రెండు పూటలా ఉండాల్సిందే. కానీ కాళ్ల వాపు తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. మిగిలిన గొడవల్లా దీపం గురించే. ఆక్సిజన్ దగ్గర మంట ఉండకూడదు కదా. "దేవుడికి దీపం పెట్టకుండా ఎట్లరా" అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నా భార్య వెలిగిస్తుంది. అమ్మ ముక్కుకు ట్యూబుతో గది గుమ్మంలో కూర్చుని, వత్తి సరిగా వేయలేదని చెబుతుంటుంది.