ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు ఆట: కథ కోసం కాదు, జనం కోసం

కథ అర్థం కావాలంటే మొదటి రోజు ఇక్కడికి రావద్దు. హీరో ఎంట్రీలో, ఇంటర్వెల్ ముందు సీనులో ఈలల మధ్య డైలాగు ఒక్క ముక్క వినపడదు. జనాన్ని చూడాలంటే మాత్రం సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లున్న హైదరాబాద్‌లోని ఈ కూడలే సరైన చోటు.

అరగంట ముందే వెళ్లి ఫ్లెక్సీలు చదవండి. హీరో బొమ్మ కింద పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసగా ఉంటాయి: పేరు, బస్తీ, అభిమాన సంఘంలో పదవి. మూలన లోకల్ లీడర్ దండం పెడుతూ కనిపిస్తే, ఖర్చు ఎవరిదో ఊహించుకోవచ్చు. వాటిలో ఆడవాళ్ల ఫొటో ఒక్కటైనా ఉందేమో వెతకండి. నేను చెప్పను.

టికెట్ బాల్కనీ వెనక వరసల్లో తీసుకోండి. కింద ముందువాడు లేస్తే వెనకున్న వాళ్లంతా లేవాల్సిందే. కాగితం ముక్కల వానా అక్కడే. బండి వద్దు, గ్రీన్‌లైన్ మెట్రో స్టేషన్ దగ్గరే.

పిల్లలతో మొదటి రోజు అసలే వద్దు. 2024 డిసెంబరులో ఇక్కడే ప్రీమియర్ రాత్రి తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది. హీరో వస్తున్నాడన్న మాట చాలు, గేటు దగ్గర తోపులాట మొదలవుతుంది. కుటుంబంతో అయితే సోమవారం మ్యాట్నీకి వెళ్లండి, డైలాగులూ వినిపిస్తాయి.