బారెడు దూరపు కెమెరా: రికో జీఆర్ 3తో దక్షిణాది వీధుల్లో

పూలమ్మే ఆమె మూర కొలిచే తీరు గమనించండి. దండ కొసను మోచేతి దగ్గర పట్టి, వేళ్ల చివరిదాకా లాగి, అక్కడే బొటనవేలితో నొక్కి తెంచుతుంది. మొత్తం రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లలో కెమెరా జేబులోంచి బయటికొచ్చి, ఆన్ అయి, ఫోకస్ పెట్టి, క్లిక్ మనాలి. రికో జీఆర్ 3 కొనేవాళ్లు కొనేది ఈ ఒక్క పనికే. మిగతా ఏ పనికైనా అంతే డబ్బుతో ఇంతకన్నా సుఖమైన కెమెరాలు దొరుకుతాయి.

2019లో వచ్చిన మోడల్ ఇది. బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు. ప్యాంటు జేబులో పట్టే ఒంట్లో పెద్ద కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (వెలుతురును పట్టే చిప్), 24 మెగాపిక్సెళ్లు. లెన్సు జూమ్ కాదు, మార్చడానికీ వీల్లేదు. 28 ఎంఎంకి సమానమైన వెడల్పు (ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ దృశ్యం పడుతుంది), ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె చిన్నదైతే లెన్సు ద్వారం పెద్దది, స్పష్టంగా వచ్చే దూరం తక్కువ). స్విచ్ నొక్కిన సెకను లోపే సిద్ధమవుతుంది. షట్టర్ చప్పుడు దాదాపు వినపడదు. మెనూలో బీప్‌నీ, ఆకుపచ్చగా వెలిగే ఫోకస్ సహాయక లైటునీ మొదటి రోజే ఆపేయండి. ఆ లైటు ముఖం మీద పడ్డాక ఎవరూ మామూలుగా ఉండరు.

అసలు సరుకు స్నాప్ ఫోకస్. 1, 1.5, 2, 2.5, 5 మీటర్లు, అనంతం. వీటిలో ఒక దూరం ముందే ఎంచుకుంటే కెమెరా వెతుక్కోకుండా నేరుగా ఆ దూరానికే తీస్తుంది. ‘ఫుల్ ప్రెస్ స్నాప్’ ఆన్‌లో పెట్టుకుంటే రెండు విధాలా వాడుకోవచ్చు: బటన్ సగం నొక్కితే మామూలు ఆటోఫోకస్, ఒక్క ఊపున నొక్కితే స్నాప్ దూరం. సంతలో జనం అడ్డంగా వచ్చిపోతుంటే ఆటోఫోకస్ ఎవరి భుజాన్నో పట్టుకుంటుంది, స్నాప్‌కి ఆ బాధ లేదు.

కాకపోతే దూరం అంచనా మీ కంటికి రావాలి. మన కొలతలే ఇక్కడ పనికొస్తాయి. రెండు మూరలకు కొంచెం పైన ఒక మీటరు. చేతులు చాపితే వచ్చే బారెడు సుమారు 1.7 మీటర్లు. ఎఫ్ 8 పెట్టి స్నాప్ 2 మీటర్లకు ఉంచితే దాదాపు ఒక మీటరు నుంచి వీధి చివరిదాకా స్పష్టంగా వస్తుంది, లెక్క కొంచెం తప్పినా ఫొటో పోదు. ఎఫ్ 5.6లో అదే 2 మీటర్లకు 1.2 నుంచి 6 మీటర్ల దాకా. ఎఫ్ 2.8 తెరిచి 1.5 మీటర్లకు పెడితే మాత్రం మీ చేతిలో ఉండేది 1.2 నుంచి 2 మీటర్ల మధ్య సందు ఒక్కటే. స్నాప్ పనిచేయడం లేదని విసుక్కునేవాళ్లలో ఎక్కువమంది ఎఫ్ 2.8లోనే వదిలేసి తీస్తుంటారు. ఎండలో ఎఫ్ 8, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 200 పెడితే షట్టర్ సెకనులో 1/800 వంతు దాకా వస్తుంది, నడిచే మనిషి చెదరకుండా ఉండడానికి అది చాలు.

28 ఎంఎంతో మీటరు దూరంలో అడ్డంగా పట్టే వెడల్పు 1.3 మీటర్లు, ఎత్తు 85 సెంటీమీటర్లు. పూలమ్మే ఆమె ముఖం, చేతిలో దండ, ముందున్న బుట్ట అన్నీ అందులో ఇమిడిపోతాయి. రెండు మీటర్లకు వెళితే నిలువెత్తు మనిషి పడతాడు. మనిషి ముఖం ఫ్రేము అంచుకు వస్తే సాగిపోతుంది. ముఖాలు మధ్యలోనూ, గోడలు, బుట్టలు, సైకిళ్లు అంచుల్లోనూ పెట్టుకోవాలి. అంత దగ్గరికి వెళ్లడం ఇబ్బందిగా ఉంటే 40 ఎంఎం లెన్సుతో 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్ చూడండి. జీఆర్ 3లోనే 35, 50 ఎంఎం క్రాప్ (అంచులు కోసేసి మధ్య భాగమే ఉంచడం) ఉంది, కానీ మిగిలేది వరసగా 15, 7 మెగాపిక్సెళ్లే.

ఈ కెమెరా మిమ్మల్ని మనిషికి బారెడు దూరంలో నిలబెడుతుంది, దొంగచాటుగా తీయనివ్వదు. కాబట్టి అడగాల్సిందే. మన ఊళ్లలో ‘అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?’, తమిళనాట ‘ఫోటో ఎడుక్కలామా?’, కేరళలో ‘ఫోటో ఎడుత్తోట్టే?’, కర్ణాటకలో ‘ఫోటో తెగెయబహుదా?’ అంటే చాలు, నవ్వో విసుగో జవాబు వెంటనే తెలిసిపోతుంది. సరే అన్నాక వాళ్లు బిగుసుకుని నిలబడితే ఒకటి తీసేయండి. ఆ మర్యాద ఫొటో అయ్యాక బేరంలోకో పనిలోకో తిరిగి వెళ్లిపోతారు, మీకు కావలసింది అప్పుడు వస్తుంది. పిల్లలైతే పక్కనున్న పెద్దవాళ్లను అడగాలి. మధురై మీనాక్షి ఆలయం, తిరుమల ఆలయం లోపలికి కెమెరా, ఫోన్ రెండూ పోవు. జేబులో దాగుతుంది కదా అని ప్రయత్నించకండి.

వెలుతురు సంగతి. ఉదయం తొమ్మిది దాటాక ఎండ నెత్తిమీదికి వస్తుంది. తెల్ల పంచె, చామనచాయ ముఖం ఒకే ఫ్రేములో ఉంటే మామూలు మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలిచే పద్ధతి) ముఖం కోసం పంచెను తెల్లని అట్టముక్కగా మార్చేస్తుంది. హైలైట్ (బాగా తెల్లని భాగాల) ప్రాధాన్య మీటరింగ్ పెట్టండి, లేదా ఎక్స్‌పోజర్ 0.7 తగ్గించి డీఎన్‌జీ (కెమెరా దిద్దని ముడి) ఫైలులో నీడలు పైకి లాక్కోండి. ఈ సెన్సర్ దానికి బాగా సహకరిస్తుంది. పాజిటివ్ ఫిల్మ్ అనే రంగుల మోడ్‌కు అభిమానులు చాలామంది. బంతిపూల మీద బాగుంటుంది గానీ గుంటూరు మిర్చి యార్డులో ఎరుపు మీద ఎరుపు ముద్దయిపోతుంది. అక్కడ కెమెరా రంగులు దిద్ది ఇచ్చే జేపెగ్ ఒక్కటే నమ్ముకోవద్దు. నట్టెండలో ఎఫ్ 2.8 కావాలంటే షట్టర్ 1/2500 దాటదు. లోపలే ఉన్న, వెలుతురును నాలుగో వంతుకు తగ్గించే రెండు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ అందుకే.

ఇంటి లోపల వేరే కథ. పోచంపల్లిలో గుంట మగ్గం ముందు నిలబడి తీస్తే నేతగాని నడినెత్తి తప్ప ఏమీ రాదు. గొంతుక్కూచుని కెమెరాను పడుగు (నిలువు పోగుల) ఎత్తుకు దించండి. స్క్రీన్ తిరగదు కాబట్టి మెడ వంచక తప్పదు. నాడె (అడ్డపోగును మోసే పరికరం) అటూ ఇటూ పోయే వేగానికి 1/250 పెట్టాలనిపిస్తుంది. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఈ కెమెరా లీఫ్ షట్టర్ ఫ్రేమంతా ఒకేసారి తెరుస్తుంది గనక చారలు పడవు గానీ, 1/250లో ఒక ఫొటో తెల్లగా, మరొకటి పచ్చగా, ఇంకొకటి మసగ్గా వస్తాయి. 1/100కు దిగి, నాడె చివరికి చేరి చెయ్యి క్షణం ఆగేచోట నొక్కండి. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600 నుంచి 3200 మధ్యలో సరిపోతుంది. షేక్ రిడక్షన్ మీ చేతి వణుకునే ఆపుతుంది, నేతగాని చేతిని కాదు. ఫ్లాష్ అసలు లేదు, పైన హాట్ షూ (విడి ఫ్లాష్ తగిలించే చోటు) మాత్రం ఉంది.

మోడ్ డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే యూ1, యూ2, యూ3 ఖాళీగా వదిలేస్తే సగం కెమెరానే కొన్నట్టు. వీధికి యూ1: ఎఫ్ 8, స్నాప్ 2 మీటర్లు, ఆటో ఐఎస్ఓ, కనీస షట్టర్ 1/250. మగ్గానికి, వంటిళ్లకు యూ2: ఎఫ్ 2.8, 1/100, ఆటోఫోకస్. అడిగి తీసే ముఖాలకు యూ3: 35 ఎంఎం క్రాప్, ఎఫ్ 4.

ఇక చిక్కులు. బ్యాటరీ అధికారిక లెక్క 200 ఫొటోలు, అంటే పొద్దున సంతకే చెల్లు. అదనంగా రెండు ఉంచుకోండి. యూఎస్‌బీ-సీతో పవర్ బ్యాంకు నుంచీ చార్జ్ అవుతుంది. వ్యూఫైండర్ లేదు, ఎండలో స్క్రీన్ కనపడదు. వెలుగు పెంచి, ఎడమ అరచేయి అడ్డం పెట్టడమే మార్గం.

పెద్ద లోపం దుమ్ము. దుమ్ము, నీరు చొరబడకుండా ఆపే సీల్ లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ లెన్సు గొట్టం బయటికి జరుగుతూ గాలిని లోపలికి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్ము వెళ్లి సెన్సర్ మీద కూర్చుంటుంది. లెన్సు ఊడదు కాబట్టి ఇంట్లో తుడుచుకోలేరు, సర్వీసుకు పంపాల్సిందే. మెనూలోని డస్ట్ రిమూవల్ పొడి నలుసులను కొంతవరకు దులుపుతుంది. మిర్చి యార్డు, రైసు మిల్లు, ఎర్రమట్టి రోడ్డు లాంటి చోట్ల ఊరికే ఆన్, ఆఫ్ చేయకండి. నూలు పోగులుండే ప్యాంటు జేబు కన్నా జిప్ కవరు మేలు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉప్పుగాలి తగిలిన రోజు, ఇంటికొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒళ్లంతా తుడవండి. ఏసీ గదిలోంచి చెన్నై ఉక్కలోకి నేరుగా తెస్తే లెన్సు చెమరుస్తుంది. కవరులోనే పావుగంట ఉంచి తీయండి.

2025లో జీఆర్ 4 వచ్చింది: ఐదు అక్షాల స్థిరీకరణ (చేతి వణుకును ఆపేది), లోపలే 53 జీబీ నిల్వ, మామూలు ఎస్‌డీ బదులు మైక్రో ఎస్‌డీ కార్డు. జీఆర్ 3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చూస్తారు. డబ్బు ఇచ్చే ముందు ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, మబ్బులేని ఆకాశాన్నో తెల్ల గోడనో తీయండి. పెద్దది చేసి మూలమూలా చూడండి. బూడిదరంగు మచ్చలు గుండ్రంగా, మెత్తటి అంచులతో కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్మే. ఒకటీ అరా ఉంటే బేరమాడొచ్చు, ఆవాలు చల్లినట్టుంటే తిరిగి ఇచ్చేయండి.