కింది దవడకు రెండు బటన్లు: కట్టుడు పళ్ళతో పదేళ్ళకు పైగా

పై దవడకు మామూలు కట్టుడు పళ్ళ సెట్టు చాలు. ఉన్న డబ్బంతా కింది దవడకు పెట్టండి. పదేళ్ళు దాటి రెండు దవడలకూ కట్టుడు పళ్ళు వాడుతున్న మనిషిగా నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇది. పళ్ళన్నీ తీయించుకున్నాక సెట్టు పెట్టించుకోవాలా, ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే టైటానియం మరలు) వేయించుకోవాలా అని తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్ళు మా వయసువాళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరంలో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. చక్కెర వ్యాధి చాలా ఏళ్ళుగా ఉంది. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. నా పళ్ళలో పుచ్చినవి తక్కువే. చిగురు జారి, ఎముక పట్టు వదిలి, ఒక్కొక్కటీ కదలడం మొదలుపెట్టాయి. 2013లో మిగిలినవన్నీ తీసేయాల్సి వచ్చింది. చిగుళ్ళు మానాక పైనా కిందా మామూలు అక్రిలిక్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) సెట్టు చేయించుకున్నాను. 2018లో కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేయించుకుని, వాటి మీద బిగుసుకునే కొత్త సెట్టు పెట్టించుకున్నాను. కాబట్టి కింది దవడకు రెండు పద్ధతులూ ఏళ్ళ తరబడి చూశాను.

సెట్టు తయారయ్యే దశల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మైనం మీద పళ్ళు అమర్చి నోట్లో పెట్టి చూసే రోజు. అచ్చులు తీయడం, రెండు దవడల మధ్య ఎత్తు కొలవడం డాక్టరు పని. ఆ రోజు మాత్రం మన పని కూడా ఉంటుంది. ఆ దశలో పన్ను పొడవు, రంగు, వరస ఏదైనా మార్చవచ్చు. అక్రిలిక్‌లోకి పోతపోశాక మార్చడం చాలా కష్టం. నేను ఇంట్లోవాళ్ళను వెంట తీసుకెళ్ళాను, ఒక దినపత్రిక కూడా పట్టుకెళ్ళి గట్టిగా చదివాను. ‘వ’, ‘ఫ’ పలికేటప్పుడు పైపళ్ళు కింది పెదవిని ఎలా తాకుతున్నాయో చూడండి. పళ్ళు పొడవైతే అక్కడే తెలిసిపోతుంది. ‘స’లో ఈల వినిపిస్తే ముందుపళ్ళ అమరికనో, అంగిలిని కప్పే సెట్టు పలక మందాన్నో సరిచూడమని అడగండి. తెలుగువాళ్ళకు ఇంకో పరీక్ష ఉంది: చలి, చాప, జొన్న, జున్ను. ఈ చ, జలకు నాలుక కొన పైపళ్ళ వెనక తాకాలి. ఆ పళ్ళు కాస్త ముందుకో వెనక్కో జరిగినా మాట మొద్దుబారుతుంది. సాయంత్రం పూట పిల్లలకు పద్యాలు చెప్పే నాకు ఇది చిన్న విషయం కాదు. మా డాక్టరమ్మ విసుక్కోకుండా ముందుపళ్ళు రెండుసార్లు జరిపి పెట్టింది. ఆమె ఓపిక ఫలితం ఇన్నేళ్ళుగా నా ఉచ్చారణలో ఉంది.

పై సెట్టు మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. అంగిలి మొత్తాన్నీ కప్పుతుంది కాబట్టి పలుచని లాలాజలం పొర మీద గట్టిగా అతుక్కుని నిలుస్తుంది. మొదటి వారాల్లో నోరు నిండుగా ఉన్నట్టు, లాలాజలం ఎక్కువగా ఊరుతున్నట్టు ఉంటుంది. అది దానంతటదే సర్దుకుంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. అంగిలికి వేడి తెలియదు. కాఫీ ఎంత వేడిగా ఉందో గొంతు దగ్గరికి వెళ్ళాకే తెలుస్తుంది. అలాగే చేపముల్లు. నాలుకకూ అంగిలికీ మధ్య ముల్లును పసిగట్టే నేర్పు మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పలక అడ్డం వచ్చాక ఆ నేర్పు సగం పోతుంది. కాబట్టి ముళ్ళున్న చిన్న చేపలు మానేశాను. వంజరం ముక్కనైనా చేత్తో విప్పి చూసుకున్నాకే తింటాను.

కింది సెట్టు సంగతి వేరు. దానికి అంగిలి ఆధారం లేదు. గుర్రపు నాడా ఆకారంలో సన్నని గట్టు మీద నిలబడాలి, మధ్యలో నాలుక ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. పళ్ళు లేని దవడలో ఎముక ఏటా కొంత అరిగిపోతూనే ఉంటుంది. కింది దవడలో ఆ అరుగుదల పైదాని కంటే సుమారు నాలుగు రెట్లని 1972లోనే ఒక దీర్ఘకాల పరిశీలన తేల్చింది. ఇది నా అద్దంలోనే చూశాను. మొదటి ఏడాది బాగానే నిలిచిన సెట్టు, మూడో ఏటికి ఆవలిస్తే లేచేది. నువ్వుగింజ, జామగింజ కిందికి చేరిందంటే నడి భోజనంలో లేవాల్సిందే. చిగురు మీద గింజ నలిగితే కలిగే నొప్పి అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పెళ్ళి భోజనాల్లో పప్పు, పెరుగన్నం తప్ప వేరే వడ్డించుకోవడం మానేశాను. నోరు నొప్పి కంటే బంధువుల మధ్య సెట్టు కదులుతుందేమోనన్న భయమే ఎక్కువ బాధించింది. పళ్ళు లేని పెద్దవాళ్ళు నలుగురిలోకి రావడం తగ్గించేస్తారు. వయసు వల్ల అనుకుని ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు. వదిలేయకండి, పళ్ళ సంగతి ఒకసారి అడిగి చూడండి.

అతుక్కునే పొడి కూడా వాడాను. మన మందుల షాపుల్లో ఫిక్సాన్ పొడి సులభంగా దొరుకుతుంది. తడి సెట్టు మీద పలుచగా చల్లి అదిమితే కొన్ని గంటలు పట్టు ఉంటుంది. పైసెట్టుకు ఏ సభకో వెళ్ళే రోజున పనికొస్తుంది. కింది సెట్టుకు రోజూ, అదీ ఎక్కువగా పొడి వేయాల్సి వస్తోందంటే ఆ సెట్టు వదులైందని అర్థం. లోపలివైపు కొత్త పొర వేయించాలి, దాన్నే రీలైనింగ్ అంటారు. అతుకుమందు ఏది కొన్నా జింకు ఉందేమో పెట్టె మీద చదవండి. జింకు ఉన్న రకాలను ఏళ్ళ తరబడి మోతాదుకు మించి వాడితే శరీరంలో రాగి తగ్గి నరాలు దెబ్బతినవచ్చు.

ఇక ఇంప్లాంట్లు. టైటానియం ఎముకతో కలిసిపోతుందని కనిపెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగికి వాటిని అమర్చారు. పళ్ళు బొత్తిగా లేని కింది దవడకు కనీసం రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా తీసుకోవాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి వచ్చారు. మా డాక్టరమ్మ ఈ మాట చెప్పినప్పుడు, ప్రతి పంటికీ ఒక ఇంప్లాంటు కావాలనుకునే నా భయం పోయింది. రెండే చాలు, గడ్డానికి ముందుభాగంలో అటొకటి ఇటొకటి. చక్కెర అదుపులో ఉందని మా ఫిజీషియన్ రాసిచ్చాకే మొదలుపెట్టారు. మత్తు సూది ఇచ్చాక నొప్పి తెలియలేదు. తర్వాత వాపు రెండు మూడు రోజులే. ఎముక పట్టుకోవడానికి సుమారు మూడు నెలలు ఆగాలి, ఆ కాలమంతా పాత సెట్టునే లోపల మెత్తని పొర వేసి వాడాను.

ఆ తర్వాత ఇంప్లాంట్ల మీద చిన్న బటన్లు బిగిస్తారు. సెట్టు లోపలివైపు లోహపు టోపీలు, వాటిలో నైలాన్ వలయాలు ఉంటాయి. సెట్టు పెట్టుకుని వేళ్ళతో అదిమితే రెండు వైపులా టక్కుమంటుంది. ఇక నాలుక ఎంత ఆడినా లేవదు. నైలాన్ వలయాల రంగును బట్టి పట్టు మారుతుంది. నాకు వాడిన రకంలో నీలం తేలిక, గులాబీ మధ్యస్థం, రంగులేనిది గట్టి. నాది గులాబీ. వేళ్ళకు కీళ్ళనొప్పులు ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా తేలిక రకమే అడగండి. గట్టిది పెట్టుకోవడం సులువే, రాత్రి తీసుకోవడమే కష్టం.

ఎంత మార్పు వచ్చిందంటే, పనస తొనలు మళ్ళీ తింటున్నాను. మాగిన ఆవకాయ ముక్క, బాగా ఉడికిన మాంసం, జొన్నరొట్టె, చిన్న ముక్కలుగా విరిచిన జంతిక, ఇవన్నీ తింటున్నాను. నువ్వుగింజలు ఇప్పటికీ అప్పుడప్పుడూ కిందికి చేరతాయి కానీ మునుపటి బాధ లేదు. చెరకు, ముదురు కొబ్బరి జోలికి వెళ్ళను. మామిడితాండ్ర అంటుకుని సెట్టును లాగుతుంది కాబట్టి చప్పరించడమే. ముందుపళ్ళతో కొరకకుండా, ముద్దను కుడి ఎడమ రెండు వైపులకూ సమంగా సర్ది నమిలితే ఏ సెట్టైనా నిలుస్తుంది. ఇది ఇంప్లాంట్లు లేనివాళ్ళకు మరీ ముఖ్యం.

లోపాలూ చెప్పాలి. నైలాన్ వలయాలు అరుగుతాయి. నాకు ఏడాదికో, కాస్త అటూఇటుగానో మార్చాల్సి వస్తోంది. మార్చడం కొద్ది నిమిషాల పని, ఖర్చూ తక్కువే. కానీ ఆ సామాను దొరికే క్లినిక్కు దగ్గరలో ఉండాలి. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళేవాళ్ళు ఇంప్లాంటు కంపెనీ, కొలత, వలయాల రకం రాసిన కార్డు వెంట ఉంచుకోండి. బటన్ల చుట్టూ గార పడుతుంది, అక్కడి చిగురు వాచినా పట్టించుకోకపోతే ఎముక కూడా కరగవచ్చు. ఇంప్లాంటు పుచ్చదు కానీ చిగుళ్ళ జబ్బు దానికీ వస్తుంది. మెత్తని చిన్న బ్రష్షుతో రోజూ రెండుసార్లు బటన్ల చుట్టూ తోముతాను.

ఖర్చు: 2018లో ఇంప్లాంట్లు, బటన్లు, కొత్త కింది సెట్టు అన్నీ కలిపి నాకు లక్ష రూపాయల దాకా అయ్యింది. అది అందరికీ వీలుకాదని తెలుసు. మామూలు సెట్టయితే హైదరాబాదు, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లోనూ, ప్రైవేటు దంత వైద్య కళాశాలల్లోనూ బయటి ధరలో చిన్న వంతుకే చేస్తారు. పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, కానీ ప్రతి దశా వివరంగా చేస్తారు. తొందర లేనివాళ్ళకు మంచి దారి.

ఇంప్లాంట్లకు తొందరపడకూడనివాళ్ళూ ఉన్నారు. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్ లాంటి మాత్రలో, ఏడాదికోసారి ఎక్కించే జోలెండ్రోనేటో వాడుతున్నవాళ్ళు పన్ను తీయించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. కొందరిలో దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపేయవద్దు. గుండె డాక్టరూ పళ్ళ డాక్టరూ మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం అది. రక్తపోటు, అలర్జీ, నిద్ర, దిగులు మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోతుంది. ఎండిన నోట్లో పైసెట్టు కూడా నిలవదు, ఉన్న పళ్ళు త్వరగా పుచ్చుతాయి. మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి.

శుభ్రత విషయంలో నేను ఏ మినహాయింపూ ఇవ్వను. టూత్‌పేస్టుతో సెట్టు తోమవద్దు, అందులోని గరుకు అక్రిలిక్‌ను గీస్తుంది, ఆ గీతల్లో క్రిములు చేరతాయి. మెత్తని బ్రష్షు, మామూలు సబ్బునీళ్ళు చాలు. వేడినీళ్ళు తగలనివ్వవద్దు, ఆకారం వంగిపోతుంది. సింకులో నీళ్ళు నింపి, దాని మీదే పట్టుకుని తోమండి. జారిపడినా విరగదు. వారానికి కొన్నిసార్లు క్లిన్సోడెంట్ (సెట్లు శుభ్రం చేసే మందు) కలిపిన నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగాకే నోట్లో పెట్టుకుంటాను.

రాత్రి తప్పకుండా తీసేయాలి, తీసినదాన్ని నీళ్ళలోనే ఉంచాలి. మా పెద్దక్క ఏళ్ళ తరబడి పైసెట్టుతోనే నిద్రపోయేది. అంగిలి మొత్తం సెట్టు ఆకారంలోనే ఎర్రగా కందిపోయింది. కాండిడా అనే బూజు చేసిన పని అది. నోటికి మందు రాసినా తగ్గలేదు. సెట్టును కూడా రోజూ శుభ్రం చేసి, రాత్రిళ్ళు తీసి ఉంచడం మొదలుపెట్టాకే తగ్గింది. అంతకన్నా పెద్ద ముప్పు ఊపిరితిత్తులకు. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన 524 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్రలో కట్టుడు పళ్ళు ఉంచుకునేవాళ్ళకు న్యుమోనియా ముప్పు రెట్టింపుకు పైగా ఉందని తేలింది.

పళ్ళే లేవు కదా, డాక్టరు దగ్గరికి ఎందుకు అనేవాళ్ళకు మా ఉత్తరాంధ్ర మాట ఒకటి చెప్పాలి. ఇక్కడి పెద్ద ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉండేది, ఇంకా కొందరిలో ఉంది: చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగిలి అక్కడే క్యాన్సరు పుట్టవచ్చు. పైసెట్టు ఆ అంగిలినే కప్పేస్తుంది. ఏడాదికోసారి సెట్టు తీసి నోరంతా చూపించుకోండి. చుట్ట, ఖైనీ, కిళ్ళీ అలవాటున్నవాళ్ళు ఇంకా తరచుగా వెళ్ళండి. రెండు వారాల్లో మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ కనిపిస్తే ‘సెట్టు ఒరిపిడే’ అని సరిపెట్టుకోవద్దు.

కొత్త సెట్టు గుచ్చుకుంటోందని తీసి పక్కన పెట్టేవాళ్ళకు ఒక సూచన. అరగదీయించుకోవడానికి వెళ్ళే ముందు రోజంతా దాన్ని పెట్టుకునే ఉండండి. చిగురు మీద ఎర్రని గుర్తు కనిపిస్తేనే ఎక్కడ అరగదీయాలో డాక్టరుకు తెలుస్తుంది. ఇంట్లో సొంతంగా ఆకురాయితో గీయవద్దు.

మరో సంగతి ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళ కోసం. ఆపరేషనుకు ముందు తీసిన పళ్ళు కాగితంలో చుట్టి భోజనం పళ్ళెంలో పెడతారు, ఎంగిలితో పాటు అవీ పోతాయి. మూత ఉన్న డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్ళండి. సెట్టు తయారయ్యేటప్పుడే వెనక భాగంలో పేరు రాసిన చిన్న చీటీని అక్రిలిక్‌లో పొదగమని అడగవచ్చు. నా రెండు సెట్లలోనూ నా పేరు ఉంది.