సి.వి. రమణ షీల్డు: అనంతపురంలో ఒక మెడల్స్ అంగడి

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర దిగి, పక్క సందులోకి నాలుగడుగులు వేస్తే షీల్డులు, మెడల్సు అమ్మే అంగడి ఒకటుంది. పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదు కూడా ఉంది, పైగా ఆ భాయ్ నేను పోయినప్పుడల్లా టీ తాపిస్తాడు.

నేను గార్లదిన్నె వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డే చేస్తాం. బహుమతులంటే ఇన్నేళ్లూ స్టీలు గిన్నెలు, టిఫిన్ బాక్సులే. ఈసారి పాత విద్యార్థులు తలా కొంత వేసుకుని నాలుగు వేలు ఇస్తే, మెడల్సే ఇద్దామని నేను పట్టుబట్టాను.

అంగట్లో రడీగా ఉన్నవన్నీ ఆటల మెడల్సే. పరుగెత్తే మనిషి, కాగడా, కబడ్డీ. “సైన్సుకు ఏమన్నా ఉందా భాయ్?” అంటే గ్లోబు బొమ్మది ఒకటి తీసి, “ఇది క్విజ్‌కు పోతాది, వ్యాసరచనకు పోతాది, దేనికైనా పోతాది సార్” అన్నాడు. నాకది నచ్చలేదు. నడుమ గుండ్రంగా ఖాళీ ఉన్న రకం ఇంకొకటి ఉంది. అందులో మనకు కావలసిన బొమ్మ స్టిక్కరు వేసి అంటిస్తారు. రామన్ బొమ్మ వేయమన్నాను. ఎవరాయన అన్నాడు. 1928లో ఇదే ఫిబ్రవరి 28న కాంతి గురించి ఒక సంగతి కనిపెట్టాడని, దానికి 1930లో నోబెల్ వచ్చిందని చెప్పాను. కాంతి సంగతి భాయ్‌కి పట్టలేదు. “ఆ నోబెల్ మెడల్ ఎంత సైజుంటాది సార్?” అన్నాడు.

66 మిల్లీమీటర్లు, 175 గ్రాములు అన్నాను. వెంటనే తన దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద మెడల్ తీసి కాటాలో పెట్టాడు. అడ్డం 70 మిల్లీమీటర్లు ఉంది గానీ 58 గ్రాములే తూగింది. “మనది జింకు సార్, పైన పాలిష్. వాళ్లది మేలిమేనా?” 1980కి ముందు 23 క్యారెట్లు, ఆ తర్వాత 18 అని చెప్పాను. ఫోన్లో లెక్క వేశాడు. పదిహేడున్నర తులాలు, 18 క్యారెట్లయితే అసలు బంగారం 131 గ్రాములు. “అయితే మీ రామన్‌ది 23దే గదా! పాతవాళ్లే మేలు సార్” అని నవ్వాడు.

వెనక వైపు ఏముంటుందని తర్వాతి ప్రశ్న. ఆయన వ్యాపారం అదే కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. ముందు వైపు నోబెల్ ముఖం, పక్కకు తిరిగినట్టు. ఫిజిక్స్, కెమిస్ట్రీలకు వెనక ప్రకృతి ఐసిస్ అనే ఈజిప్టు దేవత రూపంలో మబ్బుల్లోంచి పైకి వస్తూ ఉంటుంది, పక్కన సైన్సుకు గుర్తుగా నిలబడిన ఆమె ఆ దేవత మేలిముసుగు పైకెత్తి పట్టుకుని ఉంటుంది. ప్రకృతి ముసుగును సైన్సు తీస్తోందని భావం. శాంతి బహుమతిది వేరే అచ్చు, దాని మీద ముగ్గురు మగవాళ్లు భుజాల మీద చేతులేసుకుని ఉంటారు. గెలిచినవాళ్ల పేరు సైన్సు మెడల్‌కైతే వెనక చిన్న పలక మీద చెక్కుతారు. భాయ్ అక్కడ తలూపాడు. “పేరు లేకుంటే ఎప్పుడైనా వాపస్ తీసుకుంటా సార్. పేరు పడినాక నేను గూడ కొనను.”

ఆ మాటకే నాకు హెవెసీ అనే కెమిస్ట్రీ శాస్త్రవేత్త కథ గుర్తొచ్చింది. జర్మనీ నుంచి బంగారం బయటికి పంపితే హిట్లర్ ప్రభుత్వం నేరమనేది. లావే, ఫ్రాంక్ అనే ఇద్దరు ఫిజిక్స్‌వాళ్లు తమ నోబెల్ మెడల్సు డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో, ఫిజిక్స్ శాస్త్రవేత్త బోర్ నడిపే సంస్థలో దాచిపెట్టారు. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం ఆ ఊళ్లోకి దిగింది. మెడల్స్ మీద పేర్లు చెక్కి ఉన్నాయి, దొరికితే ఆ పేర్లే సాక్ష్యం. పాతిపెడదామంటే తవ్వి తీస్తారేమోనని బోర్ భయం. అక్కడే పనిచేసే హెవెసీ రెండింటినీ అక్వా రీజియాలో, అంటే బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమంలో వేసి కరిగించాడు. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్. ఆ సీసా అరలో అట్లే ఉండిపోయింది. యుద్ధమయ్యాక వచ్చి అందులోంచి బంగారం తీశారు, నోబెల్ ఫౌండేషన్ మళ్లీ మెడల్సు పోయించి ఇచ్చింది. భాయ్ అంతా విని, “కంసాలి తెలివి సార్ అది” అన్నాడు. టెన్త్ క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు కూడా ఇంత మంచి వ్యాఖ్య రాలేదు.

సరే, ధరలు. 50 ఎంఎం మెడల్ మూడు రంగుల రిబ్బనుతో 55 రూపాయలు, పేరు పట్టీకి 20. ఎనిమిది అంగుళాల అక్రిలిక్ షీల్డు 350. నేను 24 మెడల్సు, ఐదు షీల్డులు తీసుకున్నాను, 3,550 అయింది. సగం అడ్వాన్సు. బేరమాడితే రిబ్బను పలుచనిది వేస్తాడు, ఆడకండి.

ఇప్పుడు ఫిర్యాదు. మనం వాట్సాప్‌లో పంపిన తెలుగు వాళ్ల పాత డీటీపీ ఫాంట్లలోకి నేరుగా ఎక్కదు, కుర్రాడు చూసి మళ్లీ కొడతాడు. షీల్డుల మీద తలపాగాతో రామన్ ఫొటో చక్కగా వచ్చింది, కింద ‘సి.వి. రమణ’ అని ఉంది. ఐదింటి మీదా. ‘విజ్ఞాన’లో ఒత్తు కూడా ఎగిరిపోయింది. అడిగితే కుర్రాడు, “రామన్ అంటే మన రమణే గదా సార్” అన్నాడు. భాయ్ వాణ్ని తిట్టి, పైసా తీసుకోకుండా మరుసటి రోజే మళ్లీ చేయించాడు గానీ, నాకు ఒక సెలవూ బస్సు ఛార్జీలూ పోయాయి. కాగితం మీద ప్రింటు తీయించి, ఒత్తులతో సహా చదివి, సంతకం పెట్టాకే లేజర్‌కు పంపమనండి.

ఈ అంగడికి నేను మళ్లీ పోవడానికి కారణం పట్టీలు. మెడల్సు ముందే తెచ్చి పెట్టుకున్నాం. 28న పదకొండున్నరకు ఫలితాలు తేలాయి, జాబితా ఫోన్లో పంపాను. రెండు గంటల బస్సులో 24 పట్టీలు కవర్లో వచ్చాయి. వెనక గమ్ ఉంటుంది, పేపరు తీసి అంటించడమే. పేర్లలో ఒక్క తప్పు లేదు.

తప్పు చేసింది నేను. ఎనిమిదో తరగతిలో దాదాపు ఒకే పేరున్న ఇద్దరు అమ్మాయిలకు మొదటి, రెండో బహుమతులు వచ్చాయి. తొందరలో వాళ్ల పట్టీలు తారుమారు చేసి అంటించాను. వేదిక దిగి బెంచీ మీద కూర్చున్నాక వాళ్లే చూసుకుని, మెళ్లోంచి తీసి మార్చుకున్నారు. అర నిమిషం పట్టింది. 1975లో ఆర్థికశాస్త్రం నోబెల్ మెడల్సు అచ్చం ఇట్లే తారుమారయ్యాయి. ఆ మెడల్‌కు పేరు అంచు మీద ఉంటుంది, ఎవరూ చూసుకోలేదు. రష్యా కాంటరోవిచ్‌ది అమెరికా కూప్‌మన్స్‌కు, ఆయనది ఈయనకు. అసలే రెండు దేశాలకూ పడని కాలం, రాయబారాలు నడిచి ఎవరిది వాళ్లకు చేరేసరికి నాలుగేళ్లు. అది చెప్తే మా అమ్మాయిలు నమ్మలేదు.

నాణ్యత గురించి గొప్పగా చెప్పను. నెలకే అంచులు నల్లబడ్డాయి. చింతపండుతో తోమితే పాలిష్ మొత్తం పోయిందని ఒక పిల్లవాడి అమ్మ వచ్చి చెప్పింది. తోమొద్దని ఇచ్చేటప్పుడే చెప్పాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ దించి ఉంటుంది, మూడు దాటాక పోండి. బడి లెక్కల్లో చూపించాలంటే బిల్లు అడిగి తీసుకోండి, అడగకపోతే చీటీ మీద రాసిస్తాడు. ఇంకో మాట. తప్పుపోయిన షీల్డుల్లో ఒకటి రెండో అరలో శాంపిలుగా పెట్టాడు. దాన్ని చూపించి ‘ఇట్లాంటిదే చెయ్యి’ అన్నారంటే మీకూ సి.వి. రమణే వస్తాడు.